ఒకటి కంటే తక్కువ

డేటా మీది తాళం తీసేశారు. ఇక ఎవరి చేతిలోనూ ఏమీ లేదు, కింది అంతస్తులో యంత్రాలు వాటి పని అవి చేసుకుపోతాయి, ఓ గంట పట్టొచ్చు, కావాలంటే వెళ్లి టీ తాగి రండి అన్నారు, కానీ హాల్లో ఒక్కరూ లేవలేదు. ఆమె మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చుని పక్క కుర్చీ మీద సంచీ పెట్టుకుంది, ఎవరైనా వచ్చి మాట కలుపుతారేమోనని. ఎదురుగా తెర మీద ఖాళీ గ్రాఫు, అడ్డంగా ఒక గీత, గీత పక్కన ఒకటి అనే అంకె. అంతే. రెండేళ్ల చాకిరీ అంతా, చివరికొచ్చే చుక్క ఆ గీత దాటి పైన పడుతుందా, సరిగ్గా గీత మీదే పడుతుందా అన్నదే. పైన పడితే హాలు లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. గీత మీదే పడితే నిట్టూర్చి ఊరుకుంటుంది. కింద పడవచ్చని అన్నది ఈ హాల్లో ఆమె ఒక్కతే, అన్నందుకు నవ్వారు కూడా. అటు చివర కిటికీ పక్కన ఆమె భర్త కూర్చున్నాడు. పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి, అలవాటు ప్రకారం గేటు దగ్గర విడిపోయారు. అతని చొక్కా కాలరు ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. ఇంట్లో అయితే ఈపాటికి చెయ్యి చాచి సరిచేసేది, ఇక్కడ మధ్యలో హాలంత దూరం, హాలు నిండా జనం, అందులో ఎవరికీ అతని కాలరు పట్టదు.

తాళాలాయన మాత్రం వేదిక పక్కన నిలబడే ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని నేలచూపులు చూస్తూ. డేటాని భద్రపరచడం ఆయన ఉద్యోగం. ఢీకొట్టించిన రెండు రకాల అణు కేంద్రకాల్లో ఏ డేటా దేనిదో తెలిసిన మనిషి ఈ ప్రయోగం మొత్తంలో ఆయన ఒక్కడే, పేర్లు మార్చి, కలగలిపి అందరికీ పంచింది ఆయనే, అందుకే ఆ పేరు పడింది. ఇంత దాపరికం ఎందుకంటే, మనిషి బుద్ధి అలాంటిది, ఏది కావాలో తెలిస్తే కళ్లు అటే చూస్తాయి, లెక్క అటే వంగుతుంది. ఐదు బృందాలు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏ డేటా ఏదో తెలియకుండా లెక్క కట్టాలి, అది నియమం. పాపం తాళాలాయన, తన మొహం చూసి ఎవరేం పసిగడతారోనని క్యాంటీనుకి రావడమే మానుకున్నాడు, గదిలో ఒక్కడే డబ్బా విప్పుకుని తినేవాడు, మెట్ల మీద ఎవరైనా ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేవాడు. ఒకసారి లిఫ్టులో ఆమె, ఆయన ఇద్దరే పడ్డారు. ఊరికే ఉండలేక, "ఎండలు ముదిరిపోయాయండి" అంది ఆమె. "ఏమోనమ్మా, నేనేం చెప్పలేను" అన్నాడాయన. ఆ మాట తల్చుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తోంది, ఈ హాల్లో, ఇంత బరువైన నిశ్శబ్దంలో, పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్లి ఈ సంగతి భర్తకి చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. చెప్పొచ్చా, ఇది కూడా ప్రయోగం కిందికే వస్తుందా, అసలు ఎక్కడిదాకా మాట్లాడొచ్చు. అతను ఒక బృందంలో, ఆమె ఇంకో బృందంలో. ఒకే ఇల్లు, ఒకే బల్ల, ఒకే మంచం.

తమాషా ఏమిటంటే, వాళ్ల పరిచయమే తగాదాతో మొదలైంది. అతను అప్పుడింకా పరిశోధక విద్యార్థి, బరువైన కేంద్రకాలు ఢీకొన్నాక ప్లస్ కణాలు ఒకవైపు, మైనస్ కణాలు ఇంకోవైపు విడిపోతున్నాయని ఒక గ్రాఫు గోడకి అంటించి, వచ్చేపోయే వాళ్లందరికీ చూపించేవాడు, కొత్తగా కొన్న సైకిలు చూపించినట్టు. ఆమె ఆ గ్రాఫు ముందు చాలాసేపు నిలబడి, "ఇది విడిపోవడం కాదు, జంటలు" అంది. ఏం జంటలు అన్నాడు. "ఒక బరువు కణం విరిగి ఒక ప్లస్సు, ఒక మైనస్సు పుడతాయి కదా, అవి రెండూ తోడుగా, మిగతా కణాల మంద ఎటు పోతే అటే పోతాయి. నీ లెక్కకి ఆ తోడునడక కూడా విడిపోవడం లాగే కనిపిస్తుంది." అతనికి కోపం వచ్చింది. మర్నాడు ఆమె బల్ల దగ్గరికొచ్చి జవాబు చెప్పాడు, ఆ మర్నాడు ఆమె అతని బల్ల దగ్గరికెళ్లి దాన్ని కొట్టేసింది, అలా వాదించుకుంటూ వాదించుకుంటూ వాదన ఆపడం ఇద్దరికీ ఇష్టం లేక పెళ్లి చేసుకున్నారు. అతను నమ్మేవాడు, ఆమె అనుమానించేది. ఇంటి గోడలకి అది అలవాటైపోయింది. తర్వాత కవలల ప్రయోగం వచ్చింది. ఒకే బరువున్న రెండు రకాల కేంద్రకాలు, ఒకదానిలో నాలుగు ప్రోటాన్లు ఎక్కువ, అంతే తేడా. జంటల గోల రెండింటిలోనూ ఒకటే, ప్రోటాన్లు ఎక్కువున్న దానిలో అయస్కాంత క్షేత్రం బలంగా పుడుతుంది కాబట్టి నిజంగా విడిపోవడమంటూ ఉంటే అందులోనే ఎక్కువ కనిపించాలి. దాని కొలతని రెండోదాని కొలతతో భాగిస్తే ఒకటికి పైన రావాలి. వీళ్లిద్దరి తగాదా తీర్చడానికే పెట్టారా అన్నంత చక్కటి ప్రయోగం. దానికోసం వీళ్లు మాట్లాడుకోవడం మానేయాలి.

మానేశారు. మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఒకరు గదిలోకి వస్తే ఇంకొకరు ల్యాప్‌టాప్ మూసేవాళ్లు, ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికేసుకునేవాళ్లు. తర్వాత్తర్వాత బల్ల దగ్గర మాటలు దొరికేవి కావు. కుళాయి కారుతోందని, కరెంటు బిల్లు కట్టాలని, పక్కింటివాళ్లు కుక్కని తెచ్చుకున్నారని, ఎంతకని. అత్తయ్య ఇదంతా చూస్తూనే ఉంది. ఆవిడ ఉద్యోగం చేసినంత కాలం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, వినడమే పని, విననట్టు ఉండడం ఇంకా పెద్ద పని. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ, కొడుకు బయటికెళ్లిన అదను చూసి కోడలిని అడిగేసింది.

"అమ్మాయ్, నిజం చెప్పు, వాడేమన్నా అన్నాడా?"

"లేదత్తయ్యా, ఎందుకలా అడుగుతున్నారు?"

"లైన్లో ఇద్దరూ ఉండి ఉలుకూ పలుకూ లేకపోతే ఏమిటర్థమో నాకు తెలుసులే. ఎంతమందిని చూశాను."

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. రెండు కేంద్రకాలని కాంతి వేగానికి దగ్గరగా పరిగెత్తించి, భుజం భుజం రాసుకున్నట్టు కాస్త పక్కగా ఢీకొట్టిస్తామని, లెక్కకందనంత కొంచెంసేపు లోపలివన్నీ కరిగి ముద్దైపోతాయని, ఆ ముద్దలో క్వార్కులనేవి ఉంటాయని, వాటికి చేతివాటం ఉంటుందని. అత్తయ్య కత్తి ఆపి, "దొంగతనాలు చేస్తాయా?" అంది. ఆ చేతివాటం కాదత్తయ్యా, కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం, కొన్ని కుడివైపు తిరుగుతూ పోతాయి, కొన్ని ఎడమవైపు, మామూలుగా రెండూ సరిసమానం, కానీ ఆ వేడిలో ఒక్కోసారి కుడివి ఎక్కువ కావచ్చని, ఒక్కోసారి ఎడమవని సిద్ధాంతం, అదే జరిగితే అక్కడ పుట్టే అయస్కాంతం ప్లస్సునీ మైనస్సునీ చెరోవైపు తోసేస్తుంది, ప్రకృతి కుడి ఎడమల మధ్య పక్షపాతం చూపించిందని మనకి తెలుస్తుంది, మీ అబ్బాయి తోసేస్తుందంటాడు, నేను అంత తేలిగ్గా ఒప్పుకోనంటాను. అత్తయ్య అంతా విని, "అయితే ఇది వాడికీ నీకూ గొడవ కాదన్నమాట," అంది, "గొడవ లేకపోవడమే గొడవన్నమాట." ఉల్లిపాయల వల్లో ఏమో, ఇద్దరూ కళ్లు తుడుచుకున్నారు.

తెర మీద ఏమీ మారలేదు. ఎవరో కుర్చీ జరిపారు, ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆమెకి ఒకనాటి బస్సు ప్రయాణం గుర్తొచ్చింది, చుక్క కింద పడవచ్చన్న ఆలోచన పుట్టింది ఆ బస్సులోనే. ఆ రోజు ఒక్కతే, నిలబడి ప్రయాణం, పైన కమ్మీ పట్టుకుని, కొంచెం ముందు ఒక ఆడా మగా, ఇద్దరికీ మాట రాదు కాబోలు, చేతులతో మాట్లాడుకుంటున్నారు, వేళ్లు అంత చకచకా ఆడుతుంటే చూడకుండా ఉండలేకపోయింది. ఇంట్లో నోళ్లున్నవాళ్లం మేం మాట్లాడుకోవడం లేదు, వీళ్లని చూడు అనుకుంది. తర్వాతి స్టాపులో గుంపు ఎక్కింది. ఆ ఇద్దరూ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నారు, కానీ జనం పెరిగేసరికి ఆనవాలు దొరకలేదు, అన్ని తలల మధ్య ఆ జంట పలచబడిపోయింది. అంతే, కమ్మీ మీద చెయ్యి బిగుసుకుపోయింది. జనం పెరిగితే జంట పలచబడుతుంది. కవలలు కవలలే కాదు. బరువు ఒకటే కావచ్చు, కానీ న్యూట్రాన్లు ఎక్కువున్న కేంద్రకానికి పైన న్యూట్రాన్ల చర్మం కాస్త మందం, కాబట్టి అది కొంచెం వదులు, కొంచెం పెద్దది. ప్రోటాన్లు ఎక్కువున్నది బిగువుగా ఉంటుంది. బిగువైనవి ఢీకొంటే ఎక్కువ కణాలు పుడతాయి. ఎక్కువ కణాలు పుడితే జంటల గోల పలచబడుతుంది. అంటే ఆ గోల రెండింటిలోనూ ఒకటి కాదు, ఏ దాంట్లో పైకి రావాలని అందరూ కూర్చున్నారో ఆ దాంట్లోనే తక్కువ. విడిపోవడమే లేకపోతే జవాబు ఒకటి రాదు, ఒకటి కంటే తక్కువ వస్తుంది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది, దాటితే దాటింది, తర్వాతి దాంట్లో దిగి దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది.

తలుపు తీసింది అతనే. ఆమె మొహం చూడగానే అతనికి అర్థమైంది, ఎంత బాగా అర్థమైందంటే, ఆమె నోరు తెరవకముందే అరచెయ్యి అడ్డం పెట్టాడు. "చెప్పకు" అన్నాడు. కోపంగా కాదు, ఎంతో బతిమాలుతున్నట్టు. ఆమె జీవితంలో వచ్చినవాటిలో అన్నిటికంటే మంచి ఆలోచన అది, దాన్ని సగం మాటలోనే అందుకోగల మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే, అతను గుమ్మంలో నిలబడి వద్దంటున్నాడు, అనడం న్యాయం కూడా. చెప్పులు విడిచి లోపలికెళ్లి మొహం కడుక్కుంది. అద్దంలో తన కళ్లు మెరుస్తుంటే చూసుకుని, పోనీలే, నువ్వైనా విను అని అద్దానికే మొత్తం చెప్పింది, గొంతు తగ్గించి, కుళాయి విప్పి ఉంచి, అవతలి గదిలోకి వినిపించకుండా.

తర్వాత అందరి సమావేశంలో చెప్పింది. అక్కడ చెప్పొచ్చు, అక్కడ ఐదు బృందాలూ ఉంటాయి. గీతని ఒకటి దగ్గర పెట్టొద్దు, ముందు రెండింటిలో ఎన్నెన్ని కణాలు పుట్టాయో చూసి, దాన్నిబట్టి గీతని జరుపుదాం అంది. అప్పుడే ఎవరో వెనకనుంచి, "కవల పిల్లలకి నడుము కొలతలు తీయమంటారా?" అన్నారు, హాలంతా నవ్వింది. నవ్వు సర్దుకున్నాక లేచింది ఎవరనుకున్నారు, అతనే. నెమ్మదిగా, మర్యాదగా, ఎవరికో పరాయి మనిషికి చెప్పినట్టు చెప్పాడు. "తెరవకముందే గీత జరిపితే, ఫలితం నచ్చకపోతే తప్పించుకోవడానికి సందు పెట్టుకున్నారంటారు. ఒకటి అని అందరం ఒప్పుకున్నాం, ఒకటే ఉంచుదాం." చేతులెత్తమన్నారు, గీత ఒకటి దగ్గరే ఉండిపోయింది. అతనన్నదాంట్లో అన్యాయం లేదు, అదే కదా మరీ మండింది. ఆ సాయంత్రం బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చారు, అతను కిటికీలోంచి చూస్తూ, "కుళాయి వాషరు తేవాలి" అన్నాడు, ఆమె "ఊఁ" అంది. తప్పు నాదైతే బాగుణ్ణు అని కూడా అనుకుంది ఒక్కోసారి, తప్పని తేలితే ఈ బరువు దిగిపోతుంది, నమ్మేవాడి పక్కన అనుమానించేదానిగా పడి ఉండొచ్చు. కానీ లెక్క ఎన్నిసార్లు వేసినా అక్కడికే వచ్చేది. లెక్క మనిషి మొహం చూడదు.

తెర కదిలింది.

హాలంతా ఒక్కసారి ముందుకి వంగిన చప్పుడు వినిపించింది, బట్టల చప్పుడు, కుర్చీల చప్పుడు. మొదటి బృందం చుక్క పడింది. గీతకి కింద. "లెక్కలో ఎక్కడో పొరపాటు" అన్నారు ఎవరో. రెండో చుక్క, కింద. మూడోది ఆమె బృందానిది, అదీ కిందే, తను రాసిన ప్రోగ్రామే, తను వరసవరసా సరిచూసిన ప్రోగ్రామే, అయినా ఆ చుక్కని చూస్తుంటే పురిటి గదిలోంచి తెచ్చి చేతికిచ్చిన బిడ్డని చూసినట్టుంది, ఇది నాదేనా అని. నాలుగోది కింద. ఐదోది అతని బృందానిది. అతను లేచి నిలబడ్డాడని ఆమె గమనించింది, తెర వైపు కాదు, అతని వైపే చూసింది, అతని మొహంలో చదువుదామని. చదివింది. తర్వాత తెర వైపు తిరిగింది. అతని చుక్క వచ్చి సరిగ్గా ఆమె చుక్క మీద కూర్చుంది, ఒకదాన్ని ఒకటి మూసేసి, రెండు కాదు ఒకటే అన్నట్టు. రెండేళ్లు ఈ లెక్క గురించి ఒక్క ముక్క మాట్లాడుకోకుండా, ఒకే కప్పు కింద, ఒకరికొకరు ల్యాప్‌టాప్‌లు మూసుకుంటూ, చివరి అంకె దాకా ఒకే జవాబుకి వచ్చారు. ఆమెకి లోపల్నుంచి ఏదో పొంగుకొచ్చింది, గెలుపు అంటే ఇదా, దీనికి ఇంత ఒంటరితనం, ఇంత తోడు రెండూ ఒకేసారి ఉంటాయా.

ప్రయోగానికి పెద్దాయన వేదిక ఎక్కాడు. తెల్లజుట్టు, ఎప్పుడూ తొణకని మనిషి, ఇవాళ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మనం వెతికిన గుర్తు కనబడలేదు. అది ఒప్పుకుందాం. కానీ నాకు అర్థం కానిది ఇంకొకటి. విడిపోవడం లేకపోతే ఒకటి రావాలి. ఐదుగురికీ ఒకటికి తక్కువెందుకొచ్చింది?" ఐదుగురూ విడివిడిగా ఒకే పొరపాటు చేయరు, అది అందరికీ తెలుసు. ఆమె లేచింది. వేదిక పక్కన తెల్లబోర్డు దగ్గర ఆగి మార్కర్ తీసుకుంది. మూత గట్టిగా ఉంటే పంటితో లాగింది.

"ఒక్క అంకె కావాలి" అంది తాళాలాయన వైపు తిరిగి. "ప్రోటాన్లు ఎక్కువున్న దానిలో కణాలు ఎంత శాతం ఎక్కువ పుట్టాయి?"

ఆయన అలవాటు కొద్దీ గోడ వైపు తిరగబోయి ఆగాడు. చెప్పొచ్చా అన్నట్టు పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన తల ఊపాడు. ఎన్నాళ్లుగానో నోట్లో పెట్టుకున్న గులకరాయి ఉమ్మేసినట్టు, "నాలుగు శాతం చిల్లరండి" అన్నాడు తాళాలాయన, అని ఎంత హాయిగా ఊపిరి వదిలాడో మైకులో వినిపించింది. ఆమె పైన ఒకటి, దాని కింద ఒకటీ పాయింటు సున్నా నాలుగు రాసి భాగించింది. వచ్చిన అంకెని పట్టుకుని తెర దగ్గరికెళ్లి, గ్రాఫు మీద చేత్తోనే అడ్డంగా గీత చూపించింది, ఆమె చెయ్యి నీడ తెర మీద పడింది. "జంటలు మాత్రమే ఉండి, ఇంకేమీ లేకపోతే, గీత ఉండాల్సింది ఇక్కడ." ఐదు చుక్కలూ ఆ చెయ్యిని ఆనుకుని ఉన్నాయి. మొదట ఒక మూల, తర్వాత ఇంకో మూల, వాళ్లకి వాళ్లే చెప్పుకుంటున్నట్టు గుసగుసలు మొదలయ్యాయి, "అవును కదా", "చర్మం మందం", "ముందే అందిగా". ఎవరు మొదలెట్టారో తెలీదు, చప్పట్లు వచ్చాయి, వెనక వరసల్నుంచి ముందుకి వచ్చాయి. ఆ రోజు నడుము కొలతలన్న గొంతు ఎవరిదో ఆమెకి తెలియదు, వాళ్లూ కొడుతున్నారనే అనుకుంది. చెయ్యి దించలేదు. దించబుద్ధి కాలేదు. ఒకటి కంటే తక్కువ, అన్నాను, అద్దం ముందు కుళాయి విప్పి చెప్పుకున్నాను, ఇప్పుడు అదిగో.

కిటికీ దగ్గర ఒక చెయ్యి లేచింది. చప్పట్లు ఆగాయి. అతని భార్య ఆమేనని హాల్లో సగంమందికి తెలుసు, తెలిసినవాళ్లు పక్కవాళ్లకి చెప్పారు.

"ఆ రోజు గీత జరపొద్దన్నది నేను" అన్నాడతను. "జరపకపోవడం ఇప్పటికీ సరైనదే అంటాను. కానీ మీరు చెప్పింది సరిగ్గా వినలేదు. అది నా తప్పు."

ఆమె తల ఊపింది. మీరు అంటున్నాడు, పరాయివాళ్లలాగా, అయినా ఆ గొంతులో ఏదో కదులుతోంది, ఆమెకి బాగా తెలిసిన గొంతు అది, గోడకి గ్రాఫు అంటించుకున్న కుర్రాడి గొంతు.

"ఒక ప్రశ్న" అన్నాడు. "మీ గీతకీ ఈ చుక్కలకీ మధ్య సన్నటి సందు ఉంది. చుక్కలు గీత కంటే రవ్వంత పైనున్నాయి. ఆ రవ్వంత నిజంగా ఉన్నదా, లెక్కలోని దుమ్మా? దుమ్మైతే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు. నిజమైతే, నువ్వు ఇప్పటిదాకా కాదన్నది కాస్తో కూస్తో ఉన్నట్టే కదా?"

నువ్వు అనేశాడు. అన్నట్టు అతనికే తెలియలేదు. ముందు వరసలో ఎవరో నవ్వారు, అతనికి వినబడలేదు, వంగి చుక్కల కేసే చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది. నిజమే, సందు ఉంది. ఇంతసేపూ తన గీతనే చూసుకుంది కానీ ఆ సందుని చూడలేదు. కణాల సంఖ్య ఒక్కటే కాదు, రెండింటి ఆకారం కూడా వేరు కావచ్చు, మంద పోయే తీరు వేరు కావచ్చు, జంటలు కాకుండా మూడేసి గుంపులుగా పోయేవి ఉండొచ్చు, వాటన్నిటినీ తీసేశాక ఏమైనా మిగిలితే, మిగిలితే, అప్పుడు. మనసు పరిగెత్తుతోంది, ఎదురుగా అతని మనసు కూడా అదే దారిలో పరిగెత్తుతోందని ఆమెకి తెలుసు, అతను ఎక్కడ మలుపు తిరుగుతాడో, తను ఎక్కడ అడ్డుపడాలో కూడా తెలుసు. హాలంతా జవాబు కోసం చూస్తోంది.

"తెలీదు" అంది ఆమె. ఆ మాట అంత గట్టిగా, అంత సంతోషంగా ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. బోర్డు మీద ఉన్నదంతా తుడిచేసి, రెండో మార్కర్ అతని వైపు చాచింది. "ఇలా రా, చూద్దాం."